పంచదార డబ్బా పక్కన పచ్చ చుక్క

మార్చి 2

మొండి మామయ్యకు, నీ అక్క కూతురు రాసేది.

మా పరిశోధనలో చేరడానికి నువ్వు పంపిన కాగితాలు అందాయి. సంతకం పెట్టమన్న గీత మీద తప్ప మిగతా అన్ని చోట్లా పెట్టావు. అయినా మా ప్రొఫెసర్ సరేనన్నారు. ఈ ఊళ్ళో ఫోన్ లేని మనిషి లేడు గానీ, ఒంటరిగా ఉంటున్నానని ఒప్పుకునే మనిషి దొరకడం గగనమైపోయింది మాకు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఫోన్‌లో మేం పెట్టిన యాప్ నీ మీద చాడీలేమీ చెప్పదు. రోజూ ఎంత నడిచావు, ఎన్నిసార్లు ఫోన్ తెరిచావు, ఎంతసేపు దాని జోలికి పోలేదు, ఇవి చూసుకుంటుంది. మనిషి గొంతు వినబడితే ఎప్పుడు, ఎంతసేపు వినబడింది, ఎన్ని గొంతులు వినబడ్డాయి అన్నది మాత్రం రాసుకుంటుంది. మాటలు దాచదు. మొదటిరోజు నీ చేత ఒక పేజీ చదివించింది కదా, అది నీ గొంతు గుర్తుపెట్టుకోవడానికి. టీవీ, రేడియో గొంతులను పక్కన పెట్టేస్తుంది. గొంతు వినబడుతున్నంతసేపూ తెర మూలన చిన్న పచ్చ చుక్క వెలుగుతుంది, అది వింటోందని నీకూ తెలియాలి కాబట్టి. ఇవన్నీ చూసి మనిషి మనసు ఎప్పుడు కుంగుతుందో ముందే చెప్పగలమా అన్నదే మా పరిశోధన.

ఏప్రిల్ ఆఖరుదాకా నేను నీకు ఫోన్ చేయకూడదు. మేం చేసే ఫోన్లు కూడా లెక్కలో కలిసిపోతాయట. ఎలాగూ ఫోన్లో నా మాట నీకు సగమే చేరుతుంది, నీ అరుపు నాకు రెండింతలు చేరుతుంది. ఉత్తరాలే నయం. బంధువుల ఫైలు చూడకూడదని నియమం ఉంది గానీ, పనిచేసేవాళ్ళు చాలక ప్రొఫెసర్ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్‌ను జేబులో కాకుండా ఒకచోట పెట్టు. వేళకు తింటున్నావా?

నీ మేనకోడలు


మార్చి 9

కోడలమ్మకు,

నీ ఫోన్‌ను వంటింటి బల్ల మీద పంచదార డబ్బాకు ఆనించి కూర్చోబెట్టాను. నేను ఎక్కువసేపు ఉండేది అక్కడే. అది నన్ను చూస్తుంటుంది, నేను దాన్ని చూస్తుంటాను. కొత్త కాపురంలాగే ఉంది.

దుకాణం బాగానే నడుస్తోంది. మొన్న ఒక పెద్దాయన చెవి మిషన్ పలకడం లేదని తెచ్చాడు. చూస్తే బ్యాటరీ తిరగేసి పెట్టుకున్నాడు. సరిచేసి చెవిలో పెడితే ఒక్క నిమిషం ఆలకించి, "అయ్యో, ఈవిడ ఇంకా తిడుతూనే ఉంది" అన్నాడు. ఆవిడ వెనకాలే నిలబడి ఉంది.

పగలంతా ఊళ్ళోవాళ్ళ చెవులు బాగుచేసి, ఇంటికి రాగానే నా రెండు మిషన్లూ తీసి డబ్బాలో పెట్టేస్తాను. పాతికేళ్ళ వయసులో జ్వరంతో పోయిన చెవులు నావి. మిషన్లు తీస్తే పక్కిల్లు కూలినా తెలియదు. ఆ నిశ్శబ్దం నాకు వేణ్ణీళ్ళ స్నానంలా హాయి. మీ అత్తకూ అదే ఇష్టంగా ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు కదా, ఊరందరి మాటలూ చెవిన పడతాయి, ఒక్కటీ బయటికి చెప్పకూడదు. సాయంత్రం నేను మిషన్లు తీయగానే తన చెవి తట్టుకుని చూపిస్తూ "లైను కట్టయిందా?" అని అడిగేది. పెదవులు చూసి ఆ ఒక్క మాటా నేర్చుకున్నాను. తల ఊపితే, పొయ్యి వైపు తిరిగి మొదలుపెట్టేది. వంటయ్యేదాకా చెప్పేది. ఏం చెప్పేదో ఆ పొయ్యికే తెలియాలి.

నీ బిడ్డ పోయాక నువ్వు మా ఇంట్లో నెల రోజులున్నావు కదా, అప్పుడు మీరిద్దరూ నా ఎదుటే గంటలు గంటలు మాట్లాడుకున్నారు. "గోడలకు చెవులుంటాయి గానీ మీ మామయ్యకు లేవు, చెప్పవే" అనేదట. నువ్వే తర్వాత చెప్పావు.

ఆమె పోయి ఏడాదిన్నర అయింది. ఈ ఇంట్లో నీ ఫోన్‌కు దొరికేది ఏముంది? సున్నాలు చుట్టుకోమను. వేళకే తింటున్నాను.

మీ మామయ్య, ఉరఫ్ గోడ


మార్చి 20

మామయ్యా,

సున్నాలన్నావు! నీ ఫైలు తెరిచి కుర్చీలోంచి పడబోయాను. రోజూ సాయంత్రం నీ గొంతుతో పాటు ఇంకో గొంతు ఉంది. మొదటివారం నుంచీ ఉంది. పలకరించి పోయే గొంతు కాదు, తీరిగ్గా కూర్చుని మాట్లాడే గొంతు. ఈ పరిశోధనలో పోల్చి చూడటానికి మొగుడూ పెళ్ళాలున్న ఇళ్ళు కూడా తీసుకున్నాం. వాళ్ళిళ్ళలో కూడా ఇన్ని మాటల్లేవు.

ఎవరావిడ? ఆడో మగో యంత్రం చెప్పదు, ఆవిడ అని నేనే అనుకుంటున్నాను. దుకాణానికి వచ్చేవాళ్ళలో ఎవరైనానా? నాకు మాత్రం నిజంగా సంతోషంగా ఉంది. అత్త కూడా సంతోషించేది. నువ్వు ఒక్కడివే గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంటావని తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఒక్క తప్పు చేశాను. అమ్మ కూడా నవ్వుతుందనుకుని అమ్మకు చెప్పాను. తను నవ్వలేదు.

పెళ్ళి భోజనానికి ఎదురుచూసే
నీ మేనకోడలు


మార్చి 27

నారదుడి చెల్లెలికి,

మీ అమ్మ ఉత్తరం నీ ఉత్తరం కన్నా ముందే దిగింది. "నిప్పు లేనిదే పొగ రాదు" అని మొదలుపెట్టి, "ఈ వయసులో" అన్న మాట పేజీకి రెండుసార్లు చొప్పున వాడింది. చిన్నప్పుడు నాకు జుట్టు దువ్వినట్టే రాసింది, నెత్తురు వచ్చేలా.

నా ఇంటికి ఎవరూ రారమ్మా. పాలవాడు కూడా గుమ్మంలో పెట్టి పోతాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట. నీ యంత్రం కూడా ఆ జాతిదే. కుళాయినో కుక్కర్‌నో మనిషి అనుకుని ఉంటుంది.

అయినా అనుమానం పెనుభూతం అంటారు కదా, ఇల్లంతా చూశాను. వంటింటికి ఒక పక్క మెట్లు, ఇంకో పక్క బయటి గోడ, కింద అట్టపెట్టెల గోదాము. దానికి సాయంత్రానికే తాళం పడుతుంది. పైన డాబా మీద నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ లేదు. గురువారం మిషన్లు తీయకుండా, కొత్త బ్యాటరీలు వేసి, ఆ సాయంత్రమంతా వంటింట్లో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాను. కుళాయి బొట్లు, ఫ్రిజ్ మూలుగు, వీధిలో బండ్లు. మన ఫ్రిజ్ ఇంత గోల చేస్తుందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. మనిషి అలికిడి మాత్రం లేదు.

నీ యంత్రానికే ఎవరైనా చెవి మిషన్ పెట్టాలి. దుకాణానికి తీసుకురా, తక్కువలో చేస్తాను.

మీ మామయ్య


ఏప్రిల్ 4

మామయ్యా,

ఇది నవ్వుకుంటూ రాయడం లేదు. నీ ఉత్తరం రాగానే ఆ గురువారం ఫైలు తీశాను. ఆ సాయంత్రం ఒక్క గొంతూ లేదు, నీది కూడా లేదు. బుధవారం ఉంది. శుక్రవారం మళ్ళీ ఉంది. నువ్వు మిషన్లు పెట్టుకుని కూర్చున్న ఆ ఒక్క పూట తప్ప అన్ని రోజులూ ఉంది.

నీకు వినపడదని తెలిసినవాళ్ళెవరో లోపలికి వస్తున్నారు. వెనక వచ్చి నిలబడ్డా నీకు తెలియదు కదా! ముందు తాళం మార్చు. కిటికీలు చూడు. ఇంట్లో ఏమైనా పోయాయేమో చూసి రాయి.

ఇంకో సంగతి రాయాలో వద్దో తెలియక నిన్నంతా ఆగాను. ఆ రెండు గొంతులూ ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పడటం లేదు. నువ్వు ఆగాక అది మొదలవుతోంది. అది ఆగాక నువ్వు మొదలుపెడుతున్నావు. దొంగతో ఎవరూ అలా మాట్లాడరు. మామయ్యా, నువ్వు రోజూ ఎవరితో మాట్లాడుతున్నావు? అది ఆగిందని నీకెలా తెలుస్తోంది?

తాళం సంగతి మర్చిపోకు. 

నీ మేనకోడలు


ఏప్రిల్ 12

అమ్మాయీ,

తాళం మార్పించాను. లోపల కొత్త గడియ కూడా పెట్టించాను. ఒక్క గరిటె కూడా పోలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయాలంటే సిగ్గుగా ఉంది. అవును, మాట్లాడతాను. గిన్నెలు కడుగుతూ దుకాణం కబుర్లు చెబుతాను. మీ అత్త ఉన్నప్పుడు కూడా, వంటా భోజనాలూ అయ్యాక గిన్నెల దగ్గర అదే వరస. ముందు నేను, తర్వాత ఆమె. నా మాటలు ఆమెకు వినిపించేవి, ఆమె మాటలు నాకు వినిపించేవి కావు, అయినా మా కాపురంలో ఎవరికీ లోటు ఉండేది కాదు. ఆమె వంతు వచ్చినప్పుడు నేను గిన్నెలు తుడిచేవాణ్ణి. ఇప్పటికీ ఆ వంతు ఆమెకు వదిలి తుడుస్తాను. తుడవడం అయ్యాక మళ్ళీ నేను మొదలుపెడతాను. వట్టి అలవాటు అనుకున్నాను.

మంగళవారం మిషన్లు తీసి ఫోన్‌కు ఎదురుగా కూర్చున్నాను. ఆ పెద్దాయన బ్యాటరీ కథ మళ్ళీ చెప్పాను. పచ్చ చుక్క వెలిగింది. చెప్పడం ఆపాను, ఆరిపోయింది. తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉన్నాను.

చుక్క వెలిగింది.

తలుపు గడియ వేసే ఉంది. బల్ల దగ్గర నేనూ, పంచదార డబ్బా, అంతే. చుక్క వెలుగుతోంది, ఒక్క క్షణం ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది, మనిషి మాటల మధ్య ఊపిరి తీసుకున్నట్టు. డబ్బాలోంచి మిషన్ తీసి చెవిలో పెట్టుకోబోయాను. తొందరలో రెండుసార్లు జారిపోయింది. అది చెవిలో కూర్చునేసరికి చుక్క ఆరిపోయింది. ఫ్రిజ్ మూలుగుతోంది.

భయం వేసిందా అంటావు. ఆ పూట వేసింది. మర్నాడు దుకాణం నుంచి కొంచెం తొందరగా వచ్చి మిషన్లు తీసేశాను.

మీ అమ్మకు చెప్పకు.

మామయ్య


ఏప్రిల్ 18

మామయ్యా,

అమ్మకు చెప్పాను. నన్ను తిట్టుకో. చుక్క వెలిగిందని రాసినప్పుడు కన్నా, మర్నాడు మిషన్లు తొందరగా తీసేశానని రాసినచోట నాకు ఎక్కువ భయం వేసింది.

అమ్మ ఇక ఆగేలా లేదు. మే మొదటివారంలో బండి మాట్లాడుకుని వస్తుందట. నిన్ను తనింటికి తీసుకుపోయి, ఆ ఇల్లు ఖాళీ చేయిస్తానంటోంది. "నా తమ్ముడు గోడలతో మాట్లాడుతుంటే నేను చేతులు ముడుచుకు కూర్చోవాలా?" అని ఒకటే ఏడుపు. మా ప్రొఫెసర్ కూడా, ఇది యంత్రం పొరపాటు కాకపోతే డాక్టరుకు చూపించాల్సిందే అన్నారు.

ఒక దారి ఉంది. నువ్వు ఒప్పుకుంటే ఒక్క సాయంత్రం మాటలతో సహా రికార్డు చేయవచ్చు. వీధి చప్పుడో, పైపుల చప్పుడో అని తేలితే అమ్మను నేను ఆపగలను. నువ్వు ఆ ఇల్లు వదలాల్సిన పని ఉండదు. కాగితం ఇందులో పెడుతున్నాను. ముప్పయ్యో తేదీతో పరిశోధన అయిపోతుంది, ఆ తర్వాత యాప్ దానంతట అదే పోతుంది. ఆలస్యం చేయకు. 

నీ మేలు కోరే
చాడీల కోడలు


ఏప్రిల్ 22

అమ్మాయీ,

ఈసారి సంతకం గీత మీదే పెట్టాను, చూసుకో.

నన్ను ఈ ఇంట్లోంచి కదిలిస్తే నేను బతకను అని మీ అమ్మకు చెప్పు. బెదిరింపు కాదు. మీ అమ్మ ఇంట్లో మంచి గది ఇస్తుంది, వేళకు పెడుతుంది, మిషన్లు తీయనివ్వదు. పొద్దస్తమానం మాట్లాడుతుంది.

ఒక షరతు. ఆ రికార్డు నువ్వే విను, ఏం విన్నావో నాకు మాత్రం చెప్పకు. నాకు వినపడదు కాబట్టే మీ అత్త నాతో అన్నీ చెప్పుకుంది. వింటే మానేస్తుంది. నువ్వే చూశావుగా, ఒక్క గురువారం నేను చెవులు పెట్టుకుని కూర్చుంటే ఏమైందో.

మామయ్య


ఏప్రిల్ 28

మామయ్యా,

నీ షరతు తప్పుతున్నాను, క్షమించు. నేను ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను.

రికార్డు అందరికన్నా ముందు నేనే విన్నాను. ముందు నీ గొంతు, దుకాణం కబుర్లు, గిన్నెల చప్పుడు. తర్వాత కాసేపు ఏమీ లేదు. తర్వాత, "లైను కట్టయిందా?" అని వినిపించింది.

రికార్డు వెనక్కి జరిపి రెండోసారి విన్నాక ఊపిరి పీల్చుకున్నాను. అది నీ గొంతే మామయ్యా. సన్నగా, పైకి లాగిన నీ గొంతు. మధ్యమధ్యలో నీ పొడిదగ్గు కూడా ఉంది. అంత తేడాగా ఉంది కాబట్టే యంత్రం వేరే మనిషి అనుకుంది. నీ గొంతు నీకు వినపడదు కాబట్టి అత్త వంతు కూడా నువ్వే మాట్లాడుతున్నావని నీకు తెలియదు. మిషన్ పెట్టుకుంటే తెలిసిపోతుంది కాబట్టి ఆగిపోతున్నావు. అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రిపోర్టు రాయడం మొదలుపెట్టి, మిగతాది కూడా వినేస్తే పోలా అనుకున్నాను.

ఎక్స్ఛేంజి కబుర్లు ఏవేవో ఉన్నాయి. తర్వాత నా సంగతి వచ్చింది. బిడ్డ పోయిందని అందరికీ తెలుసు. కానీ పుట్టకముందే ఆ బిడ్డకు నేను ఒక పేరు పెట్టుకున్నాను. మా ఆయనకు కూడా తెలియదు. ఒకే ఒక్కసారి పైకి అన్నాను, మీ వంటింట్లో, అత్తతో. నువ్వు పక్కనే పేపరు చదువుకుంటున్నావు. నీ మిషన్లు డబ్బాలో ఉన్నాయో లేదో చూసి మరీ చెప్పాను.

ఆ గొంతు ఆ పేరు పలికింది. పలికి, "ఇప్పుడే నిద్రపోయింది, చప్పుడు చేయకు" అంది.

ఆ పేరు ఇక్కడ రాయలేను. మామయ్యా, ఆ రోజు నీకు వినిపించిందా? ఏ కొంచెమైనా? ఏ మూలో పడి ఉండి ఇప్పుడు బయటికి వస్తోందా? అవునని రాయి చాలు. నమ్మకం కుదరకపోతే గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూడు, అదిరేది నీ గొంతే.

రికార్డు చెరిపేశాను. యంత్రంలో లోపం, వీధి చప్పుడు అని ప్రొఫెసర్‌కు రాసిచ్చాను. అమ్మకూ అదే చెప్పాను. బండి వద్దని చెప్పేసింది. నిన్నెవరూ కదపరు.

అవునని రాయి.

నీ కోడలు పిల్ల


మే 2

తల్లీ,

నీ ఉత్తరం ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం అందింది. యాప్‌కు ఇంకా ఒక సాయంత్రం మిగిలింది. నువ్వు చెప్పినట్టే చేశాను. పుట్టు చెవుడు పిల్లలు దుకాణానికి వస్తే నేను నేర్పేది అదే, గొంతు మీద చెయ్యి పెట్టుకో, మాట అక్కడ తెలుస్తుందని.

కుడిచెయ్యి గొంతు మీద, ఎడమచెయ్యి పెదవుల మీద పెట్టుకుని నా వంతు మాట్లాడాను. అరచేతిలో గొంతు అదిరింది, చుక్క వెలిగింది. ఆపాను. రెండూ ఆగాయి. ఆ పూట గిన్నెలు తుడవలేదు, చేతులు అక్కడి నుంచి తీయలేదు.

కాసేపటికి చుక్క వెలిగింది. చాలాసేపు వెలిగింది. నా గొంతు అదరలేదు, పెదవులు కదల్లేదు. దగ్గు సంగతి అన్నావు. పోయేముందు ఆరు నెలలు మీ అత్తకు వచ్చింది కూడా పొడిదగ్గే కదా, మర్చిపోయావా?

ఆ రోజు నాకు వినిపించిందా అంటే, లేదమ్మా. నీ మనసు కుదుటపడేలా అవునని రాద్దామని రెండు కాగితాలు చింపాను. నాకు వినిపించలేదు. నువ్వు ఏ పేరు పెట్టుకున్నావో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే యాప్ లేదు. చుక్కా లేదు. ఇప్పుడు ఆమె ఎప్పుడు మొదలుపెడుతోందో, ఎప్పుడు ఆపుతోందో నాకు తెలియడం లేదు. మాట మధ్యలో అడ్డుపడుతున్నానేమోనని బెరుకుగా ఉంది. నిన్న గిన్నెలన్నీ రెండుసార్లు తుడిచాను.

నాకు చెవులు లేవు, నీకున్నాయి. ఒకసారి రా. నేను మిషన్లు తీసేసి పేపరు పట్టుకుని గోడలా కూర్చుంటాను. నువ్వు అడగాల్సింది అడుగు, ఎంతసేపైనా మాట్లాడుకోండి. దీపాలు పెట్టే వేళకు రా. తాళం కొత్తది, లోపల గడియ కూడా వేసి ఉంటుంది. వచ్చి తలుపు తట్టు. నాకు వినిపించదు.

అయినా తట్టు.

నీ మామయ్య